మా పిన్ని కమ్మలు, మా పాప అన్నం

మా పాప ఒంగోలులో గవర్నమెంటు బడిలో మూడో తరగతి చదువుతోంది. నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను, మా ఆయన టిప్పర్ తోలతాడు. పొద్దున ఏడున్నర బస్సు తప్పితే నాకు సగం రోజు జీతం పోతుంది. మా పై వాటాలో ఉండే అక్క పిల్లలిద్దరినీ ప్రైవేటు బడికి పంపుతుంది, నాలుగున్నరకే లేస్తుంది. పోయిన వారం మెట్ల మీద ఎదురై, "నీకేం తల్లీ, బాక్సులు కట్టే పని లేదు" అంది. మామూలుగానే అంది, నేనూ నవ్వి బస్సుకి పరిగెత్తాను. బస్సులో కూర్చున్నాక మాత్రం ఆ మాట నన్ను వదల్లేదు.

నిజమే కదా. బడిలో పెట్టే అన్నం గురించి ఎక్కడ మాట్లాడినా పిల్లల బరువు, రక్తహీనత, హాజరు, ఇవే వస్తాయి. అవన్నీ ముఖ్యమే, నేను కాదనను. ఆ అన్నం వల్ల ఇంట్లో ఆడమనిషికి తెల్లవారుజామున ఒక గంట మిగులుతుందన్న సంగతి మాత్రం ఏ రిజిస్టర్లోనూ ఎక్కదు. నా ఉద్యోగం నిలబడింది ఆ గంట మీదే. ఇంకో సంగతి కూడా ఏ రిజిస్టర్లోనూ లేదు. ఆ గంట నాకు గవర్నమెంటు ఒక్కటే ఇవ్వడం లేదు, ఎక్కడో ఇంకో ఆడమనిషి అప్పు తెచ్చి మరీ ఇస్తోంది. మా ఊళ్ళో ఆ మనిషి మా పిన్ని.

మాది కనిగిరి వైపు. మా అమ్మనీ పిన్నినీ ఒకే ఊరికి ఇచ్చారు. అంతా మెట్ట సేద్యం, వానొస్తే పంట, లేకపోతే లేదు. మిరపకాయల కాలంలో గుంటూరు వైపు, పొగాకు పనులప్పుడు కందుకూరు వైపు కూలికి పోవడం మాకు ఏటా ఉండేదే. నేను నాలుగో తరగతిలో ఉండగా, 2003 జనవరిలో, మన రాష్ట్రంలో బళ్ళలో వండి పెట్టడం మొదలైంది. అంతకు ముందు, 1995లో కేంద్రం పథకం పెట్టినప్పటి నుంచి, బడికి సరిగ్గా వచ్చిన పిల్లలకి నెలకి మూడు కిలోల బియ్యం లెక్కన ఇచ్చేవాళ్ళు. ఆ బియ్యం ఇంటికి రాగానే అందరి కుండలోనూ కలిసిపోయేవి. అది తప్పని అనను, ఆకలి ఇంట్లో అందరిదీ. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు, బియ్యం ఇస్తే చాలదు, వండిన అన్నమే పెట్టాలి, కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల ప్రొటీన్ ఉండాలి, ఏడాదికి 200 రోజులకి తగ్గకూడదు అని చెప్పింది.

బియ్యమైతే ఏంటి, అన్నమైతే ఏంటి అనుకునేవాళ్ళు ఎప్పుడూ కట్టెల పొయ్యి ఊదినవాళ్ళు కాదు. బియ్యం ఇంటికొస్తే కట్టెలు మా అమ్మే తేవాలి, బోరింగు కాడ బిందెలు మా అమ్మే మొయ్యాలి. అన్నం బడిలో దొరికితే ఆ చాకిరీ కూడా బడిలోనే జరిగిపోయినట్టు. కూలి ముఠా తెల్లారేసరికి ట్రాక్టర్ ఎక్కాలి, మా అమ్మ ఆ ఏడాదిన్నర ఒక్క రోజు కూడా ట్రాక్టర్ తప్పలేదు.

ఏడాదిన్నరే ఎందుకంటే, ఆ తర్వాత నేను ఆరో తరగతికి వచ్చాను. అన్నం ఐదో తరగతి వరకే. హైస్కూలు మాకు నాలుగు కిలోమీటర్లు, నడిచి పోవాలి. 2004 జూన్ నుంచి మా అమ్మ మళ్ళీ నాలుగింటికి లేవడం మొదలుపెట్టింది. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచేది, పొద్దున నీళ్ళు వంపి, ఎల్లిపాయ కారం కలిపి సత్తు గిన్నెలో పెట్టి, మూత ఊడకుండా గుడ్డతో కట్టేది. ఎండాకాలం మధ్యాహ్నానికి అది పులిసి వాసన వచ్చేది. నా పక్కన కూర్చునే అమ్మాయి అసలు గిన్నే తెచ్చేది కాదు, అన్నం బెల్లు కొట్టగానే బోరింగు దగ్గరికి పోయి నీళ్ళు తాగి, చెట్టు కింద పుస్తకం తెరిచి కూర్చునేది. టీచర్లు ఆ పిల్లకి చదువు మీద ఎంత శ్రద్ధో అనేవాళ్ళు. మా ఊరి నుంచి ఆరులో ఏడుగురు ఆడపిల్లలం చేరాం, పదికి వచ్చేసరికి ముగ్గురం. అన్నం ఒక్కటే కారణమని చెప్పను, దూరం ఉంది, పెళ్ళిళ్ళు ఉన్నాయి, తమ్ముళ్ళని చూసుకోవడం ఉంది. కానీ చెట్టు కింద కూర్చున్న పిల్ల మానేసింది ఏడో తరగతి మధ్యలో, మిరపకాయల కాలంలో. కూలికి పోతే అక్కడ మధ్యాహ్నం ఇంత అన్నం దొరుకుతుంది కదా.

ఆరు నుంచి ఎనిమిది వరకు అన్నం 2007 తర్వాత వచ్చింది. తొమ్మిది, పది తరగతులకి 2008లో రాష్ట్రం తన డబ్బుతో మొదలుపెట్టింది. అంటే నేను పదిలో ఉండగా మళ్ళీ బళ్ళో పళ్ళెం పట్టుకున్నాను. ఒకే పిల్లకి, ఒకే ఇంట్లో, అన్నం ఉన్న ఏళ్ళూ లేని ఏళ్ళూ రెండూ నేను చూశాను. అందుకే ఎవరైనా దీన్ని ఉచితాల జాబితాలో కలిపి, జనం సోమరులవుతున్నారని అంటే నాకు కోపం వస్తుంది. మా అమ్మ సోమరి కావడానికి కాదు, పనికి పోవడానికి పనికొచ్చింది ఆ అన్నం. 2013 నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలకి ఇది ఆహార భద్రత చట్టం ఇచ్చిన హక్కు, ఎవరి దయా కాదు.

ఇక మా పిన్ని సంగతి. సారా మీద ఆడవాళ్ళ పోరాటం నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా మూసేదాకా పోయిందని ఈ వైపు వాళ్ళందరికీ తెలుసు. ఆ వేడిలోనే ఊరూరా పొదుపు సంఘాలు పుట్టాయి. మా పిన్ని సంఘం కూడా ఆ కాలం నాటిదే, మొదట్లో రోజుకి రూపాయి దాచుకునేవాళ్ళు. బళ్ళో వంట ఎవరికివ్వాలి అన్నప్పుడు ఇలాంటి సంఘాలకే ఇచ్చారు. 2004 ఏప్రిల్లో సుప్రీంకోర్టు వంటవాళ్ళని పెట్టుకునేటప్పుడు దళితులకి, గిరిజనులకి ముందు అవకాశం ఇవ్వాలని చెప్పింది. మాది పల్లె, అంటే దళితవాడ. ఆ మరుసటి ఏడాది మా పిన్నికి వంట ఇచ్చినప్పుడు ఊళ్ళో కొన్ని ఇళ్ళవాళ్ళు పిల్లల్ని మధ్యాహ్నం ఇంటికి పిలిపించుకుని అన్నం పెట్టి మళ్ళీ పంపేవాళ్ళు. ఎవరూ మొహం మీద ఏమీ అనలేదు, పిల్లలు మాత్రం పన్నెండున్నరకి గేటు దాటి పోయేవాళ్ళు. పిన్ని ఒక్క మాట మాట్లాడలేదు, రోజూ అందరి లెక్కనే బియ్యం పోసింది. రెండు నెలలు అట్టా నడిచింది. తర్వాత వానలు పడ్డాయి, విత్తనాల పని వచ్చింది, ఆ ఇళ్ళ ఆడవాళ్ళు కూడా పొద్దున్నే చేలోకి పోవాల్సి వచ్చింది. మధ్యాహ్నం ఇంట్లో పెట్టేవాళ్ళు లేరు. ఒక్కొక్క పిల్లాడూ వరసలో కూర్చున్నాడు. ఇప్పుడు ఆ పిల్లల పిల్లలు కూడా పిన్ని చేతి అన్నమే తింటున్నారు.

పోయిన దసరా ముందు ఒక రోజంతా ఆమెతో బళ్ళో ఉన్నాను. తొమ్మిదిన్నరకి హెడ్మాస్టరు గారు హాజరు చూసి లెక్క చెబుతారు, ఆ లెక్కే యాప్‌లో ఎక్కుతుంది. ఆ రోజు 62 మంది. ప్రైమరీ పిల్లకి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె, ఇదీ కేంద్రం కొలత. అంటే ఆరు కిలోల పైన బియ్యం, కిలోంబావు కందిపప్పు, మూడు కిలోల కూరగాయలు, మూడు వందల గ్రాముల నూనె. బియ్యం గవర్నమెంటువే. గుడ్లు, చిక్కీలు, రాగిజావకి పిండి, బెల్లం కూడా వస్తాయి. గుడ్డు మీద ఏ విడతదో తెలిసేట్టు రంగు ముద్ర ఉంటుంది, పిన్ని ఒక్కో గుడ్డూ నీళ్ళలో వేసి, తేలినదాన్ని పక్కన పెట్టింది. మిగిలినవి పప్పు, కూరగాయలు, నూనె, మసాలా, గ్యాసు. వీటికి 2025 మే 1 నుంచి కేంద్రం లెక్క ప్రకారం ప్రైమరీలో పిల్లకి రూ. 6.78, ఆరు నుంచి ఎనిమిది వాళ్ళకి రూ. 10.17. మా ఊరి 62 మందికి రోజుకి రూ. 420. మీరు బజారుకి పోయేవాళ్ళయితే కిలోంబావు కందిపప్పు, మూడు కిలోల కూరగాయలు, నూనె, చింతపండు, కారం, సిలిండర్లో ఒక రోజు వాటా కలిపి చూసుకోండి. ఆ లెక్కలో టమాటా ధర పెరగడానికి చోటు లేదు. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటినప్పుడు మా పిన్ని నెలంతా చింతపండు పులుసుతో గడిపింది, పిల్లలు టమాటా పప్పు ఏదని అడిగేవాళ్ళట.

ఇంకో ఖర్చు ఉంది, అది ఏ కొలతలోనూ లేదు. కనిగిరి ప్రాంతం నీళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు, ఫ్లోరైడ్ తో కాళ్ళు వంకర్లు పోయిన ముసలివాళ్ళు ఊరికి కొందరు ఉంటారు. మా బడి బోరు నీళ్ళు పైగా ఉప్పు, కరుకు, వాటితో పప్పు ఎంతసేపు ఉడికించినా బద్దలు బద్దలుగానే ఉంటుంది, గ్యాసు మాత్రం అయిపోతుంది. అందుకని పిన్ని పప్పుకీ, తాగడానికీ వాటర్ ప్లాంటు నుంచి క్యాన్లు తెప్పిస్తుంది. ఆ డబ్బు ఎవరిస్తారని అడిగాను. "పప్పు ఉడక్కపోతే పిల్లలు తినరు గదమ్మా" అంది. నేనడిగింది ఒకటి, ఆమె చెప్పింది ఒకటి, కానీ నాకు జవాబు దొరికింది.

ఆ రోజు నేను నేర్చుకున్నది ఇంకోటి కూడా ఉంది. బియ్యం సంచి దగ్గర పిన్ని చెయ్యి ఆగడం చూసి ఏంటని అడిగితే, సోమవారానికని చెప్పింది. సోమవారం పిల్లలు ఎక్కువ తింటారట. ఆదివారం బడి లేదు కాబట్టి. ముఖ్యంగా మిరపకాయల కాలంలో అమ్మానాన్నలు గుంటూరు వైపు పోయి, పిల్లలు నాయనమ్మల దగ్గర ఉండిపోయినప్పుడు. ఆ ముసలామె కంటిచూపు ఆనక రాత్రి ఒక్క పూటే వండుతుంది, జావ ఇచ్చే రోజుల్లో పొద్దున బళ్ళో రాగిజావ, మధ్యాహ్నం అన్నం, గుడ్డు, ఆ పిల్లాడికి రోజు గడిచిపోతుంది. ఆదివారం ఆ రెండూ ఉండవు. అందరికీ 100 గ్రాములనే కొలతకి సోమవారమేదో శుక్రవారమేదో తెలియదు, పిన్నికి తెలుసు. శుక్రవారం ఒకరిద్దరు రాకపోతే మిగిలిన గుప్పెళ్ళు సోమవారం కుండలో పోస్తుంది. దీన్ని ఎవరైనా తనిఖీకి వచ్చి లెక్క తేడా అంటే ఆమె ఏం చెప్పుకోవాలి?

పెద్ద వంటశాలలో వండి వ్యాన్లలో పంపితే శుభ్రంగా ఉంటుంది, ఊరి వంటలెందుకు అని చదువుకున్నవాళ్ళే వాదిస్తుంటారు. టౌన్లో అది నడుస్తుందేమో. కానీ సోమవారం సంగతి వ్యాన్‌కి ఎట్టా తెలుస్తుంది? బియ్యంలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపిన గింజలు నూటికొకటి లెక్కన రావడం మొదలైనప్పుడు, అవి తెల్లగా, వేరేగా కనబడి, ప్లాస్టిక్ బియ్యం కలుపుతున్నారని ఊళ్ళో పుకారు లేచింది. ముగ్గురు తల్లులు బడికి వచ్చి గొడవపడ్డారు. పిన్ని వాళ్ళ ముందే ఆ గింజలు ఏరి, నీళ్ళలో ఉడికించి, నోట్లో వేసుకుని నమిలింది. గొడవ అక్కడితో ఆగింది. ఊరి పొయ్యి అంటే ఇది. ఏ తల్లైనా నడిచొచ్చి మూత తీసి చూడొచ్చు, బాగాలేకపోతే వండిన మనిషిని మొహం మీదే అడగొచ్చు.

ఇప్పుడు అసలు బాధ. వండిన తర్వాత నెలకి బిల్లు పెడితే, ఆ డబ్బు ఎప్పుడొస్తుందో చెప్పలేం. రెండు నెలలకి రావచ్చు, మూడు నెలలకి రావచ్చు. అంతవరకు పప్పు ఊళ్ళో కిరాణా కొట్లో ఖాతా మీద తెస్తుంది. కొట్టతను మంచివాడే, కానీ అతనికీ కందుకూరులో హోల్‌సేల్ వాళ్ళు ఉన్నారు. ఖాతా ఇరవై వేలు దాటాక అతను మొహమాటంగా అడిగాడట, "పిన్నమ్మా, కొంచెమైనా కట్టు" అని. పిన్ని కమ్మలు తీసి రెండు రూపాయల వడ్డీకి కుదువ పెట్టింది. ఆమెకి వచ్చేది నెలకి మూడు వేలు గౌరవ వేతనం, అదీ సెలవుల నెలలు పోను. మొదట వెయ్యి ఉండేది, 2019లో మూడు వేలు చేశారు. మిరపకాయల కోతకి పోతే పది రోజుల్లో వచ్చే డబ్బు అది. ఆ మూడు వేలు కూడా ఆలస్యమే. బిల్లు వచ్చినప్పుడు వడ్డీ కలిసి రాదు కదా, రూ. 6.78లో వడ్డీకంటూ పైసా లేదు. అంటే వడ్డీ మా పిన్ని తన మూడు వేల లోంచి కడుతోంది.

ఇంత జరుగుతున్నా ఇది ఎవరికీ సమస్యలా ఎందుకు కనబడదు? నేను కొంత చదివాను. 2015లో కేంద్రం పెట్టిన మధ్యాహ్న భోజనం నిబంధనల్లో, బియ్యం లేకో, డబ్బు లేకో, గ్యాసు లేకో, వంటమనిషి లేకో ఒక రోజు అన్నం పెట్టకపోతే, ఆ పిల్లకి రావాల్సిన బియ్యం, వంట ఖర్చు తర్వాతి నెల 15వ తేదీలోగా భృతిగా ఇవ్వాలని ఉంది. మంచి నిబంధన. కానీ మా ఊళ్ళో అన్నం పెట్టని రోజే లేదు, ఎందుకంటే పిన్ని కమ్మలు కుదువపెట్టి మరీ పెట్టింది. పొయ్యి ఆరితే అది ఫిర్యాదు, పేపర్లో వార్త, పై నుంచి ఫోను. ఆరకుండా ఆమె చూసుకుంటోంది కాబట్టి కాగితం మీద అంతా బాగున్నట్టే. పిల్లకి అన్నం తప్పితే డబ్బు ఎప్పటికి ఇవ్వాలో తేదీ ఉంది, వండిన మనిషికి డబ్బు ఎప్పటికి ఇవ్వాలో తేదీ లేదు. అదే నిబంధనల్లో, డబ్బు రాకపోతే బడిలో ఉన్న వేరే నిధులు వాడుకుని తర్వాత సర్దుకోవచ్చని కూడా ఉంది. అరవై మంది పిల్లలున్న బడిలో వేరే నిధులంటే సుద్దముక్కలకి సరిపోతాయి.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ఒక నెల వంట డబ్బు ముందుగానే వంట ఏజెన్సీ, అంటే బళ్ళో వండే సంఘం, ఖాతాలో ఉండాలి. మా ఊరికి అది పదివేల చిల్లర. నెల అయిపోగానే ఖర్చైనంత మళ్ళీ నింపాలి. బియ్యం ముందుగా బడికొచ్చాకే కదా వండుతున్నారు, గుడ్లు ముందే వస్తున్నాయి కదా, పప్పు డబ్బులు మాత్రం తిన్న మూడు నెలలకి ఎందుకు రావాలి? పథకానికి పేర్లు మారాయి, 2020లో గోరుముద్ద, కేంద్రంలో 2021 నుంచి పీఎం పోషణ్, 2024లో డొక్కా సీతమ్మ గారి పేరు. పేర్లతో పాటు మంచి కూడా జరిగింది, దాచక్కర్లేదు: వారానికి ఐదు గుడ్లు వచ్చాయి, చిక్కీ వచ్చింది, 2023లో రాగిజావ వచ్చింది, 2025లో సన్నబియ్యం వచ్చాయి, ఇంటర్ పిల్లలకీ అన్నం మొదలైంది. మా పాప సన్నబియ్యం వచ్చాక అన్నం పారెయ్యడం మానేసింది. పిల్ల పళ్ళెంలోకి ఏ ప్రభుత్వమైనా ఏదో ఒకటి చేర్చింది. వండేవాళ్ళ అప్పు మాత్రం అన్ని పేర్ల కిందా అట్టాగే ఉంది.

మనం, అంటే బాక్సు కట్టక్కర్లేని అమ్మలం, ఒక్కసారైనా ఆ పొయ్యి దాకా పోయి అడిగామా? నేనూ చాలా ఆలస్యంగా అడిగాను. మా సొంత పిన్ని ఉండి కూడా, మా పాప బళ్ళో వండే అక్క పేరేంటో రెండేళ్ళు నాకు తెలియదు. 2025 జూలై 10న మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ రోజు తల్లిదండ్రులమంతా పిల్లలతో కలిసి బళ్ళోనే తిన్నాం. పాప నా చెయ్యి పట్టుకుని తన గ్లాసు, తను రోజూ కూర్చునే చోటు చూపించింది. గుడ్డుని నాలుగు ముక్కలు చేసి అన్నం చుట్టూ పెట్టుకుని, చివర్లో ఒక్కో ముక్కా తింటుందని నాకు ఆ రోజే తెలిసింది. మీటింగ్ అయ్యాక అందరూ ఫోటోల దగ్గర ఉంటే నేను వెనక వంటగదికి పోయాను. ఆ అక్క గంగాళం కడుగుతోంది.

"బిల్లులు వస్తున్నాయా అక్కా?" అన్నాను.

ఆమె ముందు నా వెనక ఎవరైనా ఉన్నారా అని చూసింది. చెయ్యి కొంగుకి తుడుచుకుని, "మార్చిది, ఏప్రిల్‌ది ఇంకా రాలేదమ్మా, జూన్‌ది ఇప్పుడు పెట్టాం" అంది. ఆమె చెవులకి వేపపుల్లలు ఉన్నాయి.